శుభలేఖ ముక్కలు, గాజు పెంకులు

పెళ్లయిపోయాక శుభలేఖను ఏం చేయాలో ఎవరికీ తోచదు. దేవుడి బొమ్మ ఉంటుంది కాబట్టి చెత్తలో వేయలేం. అలాంటి కార్డులతో అరచేతి వెడల్పు బొమ్మలు చేసేవాళ్లంటే నాకు భలే గౌరవం.

అట్ట కోసం మిఠాయి డబ్బా మూత చాలు. దానిమీద చిరిగిన చీర జరీ అంచు, పగిలిన గాజు పెంకులు, ఊడిన చొక్కా గుండీలు, పాత బస్సు టికెట్లు. కాగితానికి, బట్టకి మైదా ఉడికించిన జిగురు సరిపోతుంది. పురుగు పట్టకుండా అందులో చిటికెడు మైలుతుత్తం కలుపుతారు (విషం సుమా, పిల్లలకు అందనివ్వకూడదు). గాజు పెంకులకు మాత్రం ఫెవికాలే. అసలు పనితనం వెనకవైపు ఉంటుంది. ముందు అతికించిన కాగితం ఆరుతూ బిగుసుకుని అట్టను విల్లులా వంచేస్తుంది. చెయ్యి తిరిగినవాళ్లు వెనక కూడా ఒక కాగితం అంటించి, పైన బరువు పెట్టి రాత్రంతా కదపరు.

మొదటి ప్రపంచయుద్ధం తర్వాత జర్మనీలోని హానోవర్‌లో కుర్ట్ ష్విట్టర్స్ అనే కళాకారుడు ట్రామ్ టికెట్లు, చెక్కముక్కలు, తీగలు ఏరి ఇలాగే అతికించాడు. అవిప్పుడు మ్యూజియంలలో ఉన్నాయి. మనవాళ్లవి ఫ్రిజ్ మీద. ఏ ముక్క పక్కన ఏది పెట్టాలన్న తర్జనభర్జన మాత్రం ఇద్దరిదీ ఒకటే. అట్టంతా నింపేసిన బొమ్మకన్నా, పచ్చగాజు పెంకు పక్కన కాస్త ఖాళీ వదిలిందే నాకు నచ్చుతుంది.