రాష్ట్రచరిత్రమునకు గీటురాయి

చరిత్రగ్రంథమును చేతబట్టినవాడు మొదట నడుగవలసిన ప్రశ్న యొకటి కలదు: ఇది యెవరి చరిత్రము? రాజుల పేర్లును, యుద్ధములును, సంవత్సరములును సరిగా నున్నవా లేవా యని చూచుట తరువాతి పని. మొదటి ప్రశ్నకు సమాధానము లేనిచో, రెండవ పని యెంత చక్కగా నెరవేరినను ప్రయోజన మల్పము. బంగారమునకు గీటురాయి కావలసినట్లే చరిత్రమునకును గీటురాయి కావలయును. మేమొక చిన్నయూరిని గీటురాయిగా దీసికొని, మన రాష్ట్రచరిత్రమును గూర్చిన రెండు ప్రసిద్ధగ్రంథములను పరీక్షింప దలచితిమి. ఆ యూరు చీరాలకు సమీపమున సముద్రపుటొడ్డున నున్న వాడరేవు.

ఓడరేవను పేరే వాడుకలో వాడరేవైనదని చెప్పుదురు. దాని ముందు సముద్రము. వెనుక నేత నేయు చీరాల, పేరాల. ఆ వెనుక ప్రత్తియు మిరపయు పండు నల్లరేగడి. 1904లో గుంటూరు జిల్లా యేర్పడినప్పటినుండి యీ ప్రాంతమందులోనిది. 1970లో ఒంగోలు జిల్లాలో చేరినది. ఆ జిల్లాకే 1972లో ప్రకాశము పేరు పెట్టిరి. 2022లో బాపట్ల జిల్లాలోనికి వచ్చినది. రాష్ట్రముల లెక్కయు నిట్లే: 1953 వరకు మదరాసు, తరువాత ఆంధ్ర, 1956 నుండి ఆంధ్రప్రదేశ్. ఊరు మాత్రము తన చోటునుండి యంగుళమైనను కదలలేదు. ఏలుబడి చరిత్రము వేఱు, ఊరి చరిత్రము వేఱు అనుటకు ఇంతకన్న తేటయైన నిదర్శన మక్కరలేదు.

ఇక గ్రంథములలో మొదటిది చిలుకూరి వీరభద్రరావుగారి ‘ఆంధ్రుల చరిత్రము’. హైదరాబాదున 1906లో స్థాపింపబడిన విజ్ఞానచంద్రికా మండలి దీని ప్రథమభాగమును 1910లో ప్రకటించినది. ఆనాటి పరిస్థితిని మఱచి యీ గ్రంథమును తూచుట న్యాయము గాదు. తెలుగువారు కొందఱు మదరాసు రాజధానిలోను, కొందఱు నైజాము రాజ్యములోను చెదరియుండిరి. మాకును ఒక చరిత్ర కలదని చెప్పుకొనుటకు తెలుగుభాషలో ఆధారము కానరాదు. అట్టి సమయమున శాసనములను, తామ్రపత్రములను, పురాణములను, కావ్యములను వెదకి కూర్చి, శాతవాహనులు మొదలుకొని రాజవంశములను వరుసగా నిలిపి, తేట తెలుగున వ్రాసి యింటింటికి నందించుట సామాన్యమైన శ్రమ గాదు. మూడేండ్లకే, 1913 మే నెలలో, వాడరేవునకు దూరము కాని బాపట్లలో ప్రథమాంధ్రమహాసభ కూడినది. ఆ సభకు వచ్చినవారి యుత్సాహములో నీ గ్రంథమునకు పాలు లేదని యెవ్వరును చెప్పజాలరు.

అయినను విమర్శకుని పని కృతజ్ఞతతో ముగియదు. వంశముల వరుసయే దేశచరిత్రమునకు వెన్నెముక యను భావమును ఈ గ్రంథము మనలో నాటినది. తరువాత వచ్చిన పాఠ్యపుస్తకము లన్నియు నాబాటనే నడచినవి. పిల్లవాడు పట్టాభిషేకములను వల్లించును. ఆ రాజుల కాలమున తన తాతముత్తాత లేమి చేయుచుండిరని యడుగుటకు వానికి తోచదు. తోచినను పుస్తకమున జవాబు లేదు. ఆధారములు లేనందున జవాబు లేదందురా? ఈ సమాధానమును మేమంగీకరింపజాలము. ఆధారములు కలవు, కాని వానిని చదివిన చూపు వేఱు.

భట్టిప్రోలును చూడుడు. అక్కడి బౌద్ధస్తూపమున 1892లో అలెగ్జాండరు రే త్రవ్వించి తీసిన ధాతుకరండములపైని వ్రాతలు క్రీస్తునకు పూర్వము మూడవ, రెండవ శతాబ్దులనాటివి. అందు కుబేరకుడను రాజు పేరు కలదు. మన పుస్తకములలో పెక్కింట భట్టిప్రోలనగా కుబేరకుడే. కాని యా వ్రాతలలోనే నిగమమునకు జెందిన పౌరుల పేర్లు వరుసగా నున్నవి. నందపురమునకు జెందిన స్త్రీల దానమును నందు బేర్కొనబడినది. రాజు పేరొకటి, ప్రజల పేర్లు పెక్కు. శిల్పి యందఱి పేర్లను చెక్కెను. చరిత్రకారు డొక్కని పేరు మాత్ర మేరుకొనెను.

అమరావతి సాక్ష్య మింకను విలువైనది. అచ్చటి దాతలలో విధికుడను చర్మకారుడు కలడు. అతడు నాగుడను ఉపాధ్యాయుని కుమారుడు. తల్లితోను, భార్యతోను, సోదరులతోను, కుమారునితోను, కూతుండ్రతోను గూడి పూర్ణకుంభము చెక్కిన శిలాఫలకమును స్తూపమునకు సమర్పించెను. చదువరు లిచట నొక్క క్షణమాగవలెను. తోలుపని చేయువాడు ఉపాధ్యాయుని కొడుకు. వాని పేరు పవిత్రస్థలమున రాతిమీద చెక్కబడినది. దానమున కూతుండ్రకును భాగము కలదు. మన పల్లెలలో తోలుపనివారిని ఊరిబావినుండి దూరముగా నుంచిన రోజులు మన పెద్దలెఱిగినవే. ‘ఇది యనాదినుండి వచ్చిన యాచారము’ అని వారు చెప్పిన మాటకు ఈ ఫలకము రెండువేల యేండ్లనాటి జవాబు. ఆ జవాబును పిల్లలకు చెప్పని చరిత్రము, ఎన్ని వంశవృక్షములను గీసినను, తన ధర్మమును నెఱవేర్చినది కాదు.

ఇప్పుడు తీరమునకే వత్తము. వాడరేవునకు దక్షిణముగా అదే తీరమున మోటుపల్లి కలదు. కాకతి గణపతిదేవుడు 1244లో నచ్చట వేయించిన అభయశాసనము మన వాణిజ్యచరిత్రమున కెల్ల మకుటాయమానమైనది. దాని సారాంశమిది. పూర్వపు రాజులు, గాలివానకు చిక్కి యొడ్డునకు కొట్టుకొనివచ్చిన యోడలలోని సరకునంతయు బలాత్కారముగా హరించుచుండిరి. ధనమును ప్రాణముకంటె నెక్కుడుగా నెంచి సముద్రముపై సాహసించి వచ్చువారిపై దయతో, గణపతిదేవుడు నిర్ణీతమైన సుంకము తప్ప తక్కినదంతయు వారికే విడిచిపెట్టెను. సుంకము సామాన్యముగా ముప్పదింట నొకపాలు. చందనము, కర్పూరము, పన్నీరు, దంతము, ముత్యములు, పగడములు, రాగి, పట్టునూలు, మిరియములు, పోకలు మొదలగు సరకుల కెంతెంతయో విడివిడిగా చెక్కించినాడు. నూఱేండ్ల పిమ్మట, 1358లో, కొండవీటి అనపోతరెడ్డియు నిచ్చటనే వర్తకులకు మఱల నభయమిచ్చెను.

ఈ శాసనమును చూచి చరిత్రకారులు గణపతిదేవుని యౌదార్యమును కొనియాడుదురు. కొనియాడుట తగినదే. కాని యదే శాసనము రాజులను గూర్చి మఱియొక మాట చెప్పుచున్నది: అంతకుముందు రాజులు దోచుకొనుచుండిరని. ఆ మాటను మన పుస్తకములు మెల్లగా దాటిపోవును. ఆ యోడల నెవరు నడపిరి, సరకు నెవరు మోసిరి, గాలివానలో నెందఱు మునిగిరి యను ప్రశ్నలు పుట్టనే పుట్టవు. ఈ తీరమున గాలివాన కథలోని మాట గాదు. 1977 నవంబరు 19న తుపాను చీరాల ప్రాంతమున తీరము దాటినప్పుడు, ఉప్పెనకు దివిసీమ మొదలగు చోట్ల వేలకొలది జనులు మృతిచెందిరి. ఏడువందల యేండ్లకు ముందు శాసనకర్త చెప్పిన గాలివానయు నట్టిదే. అప్పటి రాజు పేరు నిలిచినది. మునిగినవారి పేర్లు నిలువలేదు.

గణపతిదేవుని కుమార్తె రుద్రమదేవి కాలమును వర్ణించిన వెనిసు యాత్రికుడు మార్కోపోలో ఈ రేవును ముత్ఫిలి యని పేర్కొనెను. రాణి రాజ్యమును న్యాయముగా పాలించెనని మెచ్చుకొనెను. ఆమె గణపతిదేవుని భార్య యని పొరబడెను. ఈ పొరపాటును దిద్దుటకు మన పండితులు పుటలు పుటలు వ్రాసిరి. కాని యా యాత్రికుడే ఈ దేశపు వస్త్రములు సాలెగూటివలె సన్ననివనియు, వానిని ధరించుటకు ఏ రాజైనను రాణియైనను సంతోషించుననియు చెప్పెను. రాణిని గూర్చి పొరబడినవాడు నేతను గూర్చి పొరబడలేదు. కండ్లతో చూడదగినది, చేతితో తాకదగినది నేతయే గదా. ఆ మగ్గముల సంతతి నేటికిని చీరాలలో నున్నది. వారి పూర్వుల చరిత్రమునకు మన గ్రంథములు కేటాయించినది మాత్రము ఒకటి రెండు పంక్తులు.

ఈ దోషము మనకే ప్రత్యేకము గాదు. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రచరిత్రమును దీసికొందము. 1620లో మేఫ్లవరను నావలో వచ్చిన యాంగ్లేయ కుటుంబములు ప్లిమత్తున దిగుటతో నది యారంభమగునని చిరకాలము బడులలో బోధించిరి. ఆ వలసకు నాయకుడైన బ్రాడ్‌ఫర్డు వ్రాసిన గ్రంథమే దానికి మూలము. కాని వారు గుడిసెలు వేసికొన్నచోట అంతకుముందే వాంపనోగు జాతివారి పటక్సెట్టను గ్రామము కలదు. కొలదియేండ్లకు ముందు వ్యాపించిన మహామారి దానిని నిర్జనము చేసినది. వలసవచ్చినవారు అడవిని నఱికి పొలము చేసికొనలేదు. చచ్చినవారి పొలములలో మొక్కజొన్న నాటిరి, నాటుట నేర్పినవాడును ఆ గ్రామమున మిగిలినవాడే. మొదటి నివాసమని పేరుపెట్టినది నిజమునకు రెండవ నివాసము. మన చరిత్రములును ‘ఆర్యులు వింధ్యను దాటి వచ్చిరి’ అని యారంభించునప్పుడు యానాదులను, చెంచులను ఏ పుటలో నుంచుచున్నవి? అమెరికా విద్వాంసులు తమ పుస్తకములను దిద్దుకొనుచున్నారు. మనమును దిద్దుకొనవలదా?

దిద్దుబాటుకు మనలో మొదట పూనుకొన్న మహనీయుడు సురవరము ప్రతాపరెడ్డిగారు. 1949లో వెలువడిన వారి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ మాకు పరీక్ష్యమైన రెండవ గ్రంథము. 1955లో కేంద్రసాహిత్య అకాడమీ తెలుగునకు మొదటి బహుమానము నిచ్చినది దీనికే. అప్పటికి రెండేండ్లకు ముందే గ్రంథకర్త కీర్తిశేషుడయ్యెను. ప్రజ లేమి తినిరి, ఏమి కట్టిరి, ఏ యాటలాడిరి, ఏ దేవతలకు మ్రొక్కిరి, ఏ మోసములకు లోబడిరి యని వీరు వెదకిరి. కావ్యములను అలంకారములకొఱకు గాక అన్నము, బట్ట, ఇల్లు, సంతలకొఱకు చదివిరి. సంస్కృతకావ్యములను వ్యాఖ్యానములతో చదువ నలవాటుపడిన మావంటివారికి ఈ పఠనవిధాన మొక క్రొత్తకన్ను. దురాచారములను ఖండించుటకు వారు వెనుదీయలేదు. మతమును బట్టి గాని కులమును బట్టి గాని సత్యమును దాచలేదు.

అయినను మా గీటురాయిమీద నీ గ్రంథమును గీచినప్పుడు ఒక కొఱత కనబడును. కావ్యమును ప్రధానసాక్షిగా నిలిపినచో కావ్యము చూడనిది చరిత్రలోనికి రాదు. శ్రీనాథుడు తన హరవిలాసమును అవచి తిప్పయసెట్టి కంకితమిచ్చెను. కనుక ద్వీపాంతరములనుండి సరకు తెప్పించిన యా వర్తకుడు చిరంజీవి. ఆ సరకును తెచ్చిన యోడలో తెడ్డు వేసినవానికి కావ్య మంకిత మిచ్చిన కవి లేడు. వల నేయువాడు, ఉప్పు పండించువాడు, ఉప్పుచేపలను తట్టలో నెత్తిన బెట్టుకొని సంతకు పోవు స్త్రీ, వీరు కవులకు కానరారు. ఈ లోపము ప్రతాపరెడ్డిగారిది గాదు, సాక్షిది. వారు తలుపు తెఱచిరి. లోపలికి పోవలసినవారము మనము.

ఇటీవలి చరిత్రమునకు వచ్చినను మన చూపు మాఱలేదు. చీరాల పేరాలలను గలిపి పురపాలకసంఘముగా జేసి ప్రభుత్వము పన్నులు పెంచగా, 1921లో పదుమూడువేలకు పైబడిన జనులు ఇండ్లు విడిచి, ఎల్లవెలుపల రామనగరమను పేర పాకలు వేసికొని దాదాపు పదునొకండు నెలలు కాపురముండిరి. దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమును పుస్తకములు స్మరించును, స్మరింపవలసినదే. కాని యా పాకలలో వానకు తడిసిన మగ్గము నెవరు నిలుపుకొనిరి? కూలి లేని దినమున పొయ్యి నెవరు వెలిగించిరి? ఒక్క నాయకుడు పదుమూడువేలమందిని నడపవచ్చును. పదునొకండు నెలలు సంసారమును నడపినవారు ఆ యిండ్ల స్త్రీలు. గణపతిదేవుడు సుంకమును తగ్గించి జనులను రేవునకు రప్పించెను. ఆంగ్లేయ ప్రభుత్వము పన్ను పెంచి జనులను ఊరినుండి వెడలగొట్టెను. ఈ రెండు సంగతులను ప్రక్కప్రక్కన బెట్టి చెప్పిన పాఠ్యపుస్తకమును మేమింతవరకు చూడలేదు.

ఇందువలన వచ్చు నష్టము పాండిత్యమునకు మాత్రమే సంబంధించినది గాదు. పొట్టి శ్రీరాములుగారి ప్రాణత్యాగము పిమ్మట 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్ర మేర్పడినది. 1956 నవంబరు 1న తెలంగాణముతో గలిసి ఆంధ్రప్రదేశ్ అయినది. 2014 జూన్ 2న మఱల రెండైనది. కాకతీయుల రాజధాని ఓరుగల్లు ఒక రాష్ట్రమున, వారి రేవు మోటుపల్లి మఱియొక రాష్ట్రమున నున్నవి. రాజవంశమే చరిత్ర మైనచో, కాకతీయులు మావారన్న మావారని రెండు రాష్ట్రముల పిల్లలకును కలహము నేర్పవలసివచ్చును. ఓరుగల్లునకును మోటుపల్లికిని నడుమ నడచిన బండ్లును, మోసిన మూటలును, నేసిన వస్త్రములును చరిత్ర మైనచో కలహమునకు చోటెక్కడ? పంపకమునకు లోబడునది సింహాసనము. శ్రమ కెల్లలు లేవు.

రాజులను చరిత్రమునుండి తుడిచివేయుమని మేము చెప్పుటలేదు. శాసనమును వేయించినవా డెవడో తెలియనిచో శాసనకాలమే తెలియదు. రాజవంశము కాలమును కొలుచుటకు గడియారము వంటిది. గడియారము నింటిగోడకు తగిలింపవచ్చును. గడియారమే యిల్లని భ్రమింపరాదు.

కావున గృహస్థులగు చదువరులకు మా మనవి యిది. మీ పిల్లల చరిత్రపుస్తకము నొకసారి మీరే చదువుడు. అందు రాజుల పేర్లెన్ని, పనివారి పేర్లెన్ని, స్త్రీల పేర్లెన్ని యని లెక్కింపుడు. తక్కువైనచోట విధికుని కథ చెప్పుడు, నందపుర స్త్రీల దానము చెప్పుడు, మోటుపల్లి సుంకము చెప్పుడు, రామనగరపు పాకలు చెప్పుడు. మీ యింటి ముసలమ్మ ఏ తుపానులో నేమి పోగొట్టుకొన్నదో, మీ తాత ఏ మగ్గముపై నే నూలు నేసెనో అడిగి, తేదీతో సహా వ్రాసి యుంచుడు. భట్టిప్రోలు శిల్పి తన యూరివారి పేర్లను రాతిమీద చెక్కి యుండనిచో మనకు కుబేరకుడొక్కడే మిగిలెడివాడు. అతడు చేసిన పనిని కాగితముమీద చేయుటకు మనకు ఉలియు సుత్తియు నక్కరలేదు.