కూలి కొలత – కథ కొలత

మానవునకు బ్రదుకుటకు ఎంత కావలెను? ఈ ప్రశ్నకు ధర్మశాస్త్రము ఒక విధముగను, అర్థశాస్త్రము మరియొక విధముగను సమాధానము చెప్పుచు వచ్చినవి. స్వతంత్ర భారతమున శాసనము కూడ సమాధానము చెప్ప యత్నించెను. 1948లో కనీస వేతనముల చట్టము వచ్చినది. 1957లో జరిగిన పదునైదవ భారత కార్మిక సమ్మేళనము ఆ కనీసమునకు పద్దులు కట్టినది. సంపాదించువాడొక్కడు, అతని కూలిపై ముగ్గురు పెద్దలకు సరిపడు భోజనము జరుగవలెను, ఒక్కొక్కరికి దినమునకు 2,700 కేలరీల ఆహారము, నలుగురున్న కుటుంబమునకు ఏడాదికి 72 గజముల గుడ్డ, ఇంటి అద్దె, వంటచెరకు దీపము మొదలగువానికి మొత్తములో నూటికి ఇరువది పాళ్లు.

ఇది దయలేని పట్టిక కాదు. అయినను భారతీయ కథకులు ఇంతకు ముందే మరియొక పట్టికను వ్రాసియుండిరి. ఆ రెంటిని ప్రక్కప్రక్కన నుంచి చదివినచో, కూలినాలి కథలలో అంకెలే కాని రసము లేదను ఆక్షేపణకు విలువ యెంతయో తెలియగలదు.

ప్రేమచంద్ 'పూస్ కీ రాత్' (1930) కథలో హల్కూ కంబళి కొనుటకై మూడు రూపాయలు కూడబెట్టెను. అప్పులవాడు వాకిట నిలువగా ఆ మూడు రూపాయలును పోయినవి. పుష్యమాసపు చలిలో కుక్కను కౌగిలించుకొని పొలము కావలి కాయుచు, నీలుగాయలు పైరు మేయుచున్న చప్పుడు వినియు అతడు లేవలేకపోయెను. పైరు పోయినందుకు భార్య విలపించుచు, ఇక కూలి చేసి శిస్తు కట్టవలెననగా, అతడు మాత్రము ఇక ఈ చలిలో పండుకొన నక్కరలేదని సంతసించెను. రైతు కూలివాడగుటను విముక్తిగా భావించు ఆ క్షణమే కథకు ప్రాణము. అచట మూడు రూపాయలు అంకె కాదు. చలికిని మనిషికిని నడుమ నుండవలసిన ఒకే ఒక్క తెర. పట్టికలోని గజములకు ఈ చలి తెలియదు.

'కఫన్' కథ మరింత కఠినమైనది. కోడలి శవముపై కప్పు గుడ్డకై దొరికిన అయిదు రూపాయలను ఘీసూ, మాధవ్ తిండికిని సారాకును వెచ్చించిరి. పాఠకుడు వారిని రోయుటకు సిద్ధపడునంతలో రచయిత మెల్లగా ఒక మాట స్ఫురింపజేయును: రేయింబవళ్లు ఒడలు వంచినవారి బ్రదుకు మాత్రము వీరి బ్రదుకుకంటె ఎంత మేలు? కష్టమునకు ప్రతిఫలము లేనిచోట సోమరితనము కూడ ఒక విధమైన వివేకమగును. కూలివానిని సద్గుణరాశిగా చిత్రించి జాలి యాచించు రచనలకును, ఈ కథకును గల యెడము ఇదియే.

తకళి శివశంకర పిళ్ల తన నవలకు కూలినే పేరుగా పెట్టెను. 'రెండిడంగళి' అనగా రెండు కొలతల ధాన్యము. కుట్టనాడులో పంటచేల పనివారి కూలి అది. ఆ నవల వెలువడిన 1948లోనే కనీస వేతనముల చట్టమును వచ్చుట యాదృచ్ఛికమే. కాని విమర్శకుడు దానిని దాటిపోరాదు. ధాన్యము ధర పెరిగినపుడు యజమాని కూలిని గింజలకు మారుగా నాణెములలో ఇచ్చును. పండించిన చేతులకే తిండిగింజ దొరకదు. కూలి ఎంత అనుటతోపాటు అది ఏ రూపమున అందుచున్నదియు జీవన్మరణ సమస్యయే యని ఆ నవల చూపెను. ఈ తగవు తెలుగు పాఠకునకు క్రొత్త కాదు. ఉన్నవ లక్ష్మీనారాయణ 'మాలపల్లి' (1922)లో కూలివారి పక్షమున నిలిచిన సంగదాసు ప్రాణమే కోల్పోయెను.

తకళి అంతకు ముందు వ్రాసిన 'తోట్టియుడె మగన్' (1947) నవలలో చూడలముత్తు అలప్పుళలో పాకీపని చేయుచు, కొడుకును ఆ పనికి దూరముగా పెంచవలెనని పైసా పైసా దాచును. నవల చివరిభాగమునందలి ఉద్యమ ఘోషకంటె, తండ్రి గుట్టుగా దాచిన ఆ చిల్లర పైసల సవ్వడియే బలముగా వినిపించును. కొడుకు చదువును కూడ కనీస వేతనపు లెక్కలో చేర్చవలెనని సుప్రీంకోర్టు చెప్పుటకు 1991 వరకు ఆగవలసివచ్చినది. పిల్లల విద్య, వైద్యము, పండుగలు, వార్ధక్యము మున్నగువానికై మరి నూటికి ఇరువదియైదు పాళ్లు చేర్చవలెనని ఆ తీర్పు.

న్యాయమూర్తులు నవల చదివి తీర్పు చెప్పిరని కాదు. కనీసమను మాటలో ఏవేవి ఇమిడియున్నవో చూచుటలో సాహిత్యము ముందు నడిచినదనియే చెప్పదగినది.

అయితే చట్టములో వ్రాసినది చేతికి అందునా? మహాశ్వేతాదేవి 'అగ్నిగర్భ' (1978) సంపుటములోని బసాయి టుడు కథకు ఇదియే వస్తువు. వ్యవసాయ కూలీలకు చట్టము నిర్ణయించిన కూలి ఇప్పించుటకై పోరు సాగించు సంతాలు బసాయి. అతడు మరణించెనని వార్త వచ్చిన ప్రతిసారియు శవమును గుర్తించుటకు పిలువబడు పాత్రికేయుడు కాళీ సాంత్రా. బసాయి మరల మరల మరణించును, మరల మరల కానవచ్చును. ఇది చమత్కారము కాదు. కూలి చెల్లనంతకాలము ఆ పేరు మరియొకని మీదికి వచ్చుచుండునని దీని భావము. భాష కరకు, కథనము పత్రికావార్తవలె పొడి. సౌకుమార్యము కోరువారికి ఇది లోపముగా తోచును. కాని అందని ఉత్తర్వును గూర్చిన కథను తీయని భాషలో చెప్పుటయే అసత్యమగును. కనీస వేతనముకంటె తక్కువ యిచ్చి చేయించుకొను పని వెట్టిచాకిరియే యని 1982లో సుప్రీంకోర్టు నిర్ణయించెను. బసాయికి అది అంతకు ముందే తెలియును.

ఈ రచనలన్నియు ఒకే యెత్తున నిలువవు. కాని వీనిని తూచుటకు త్రాసు ఒకటి కలదు. కూలివానిని చూచి పాఠకుడు కన్నీరు పెట్టెనా యనునది కాదు. ఆ కూలిలో దినము గడపుట యెట్లో పాఠకుడు స్వయముగా లెక్క కట్టుకొనవలసివచ్చెనా యనునదే ముఖ్యము. హల్కూ మూడు రూపాయలు, కుట్టనాడు రెండు కొలతలు చదివినవాని మనస్సున ఆ లెక్క తెమలదు. అట్లు తెమలకుండుటయే వాని సాఫల్యము.