కోశాంబి తక్కెడ

ఈ మధ్య ఒక అధ్యయన తరగతిలో దామోదర్ ధర్మానంద్ కోశాంబిని గూర్చి మాట్లాడవలసి వచ్చింది. ఆయన పాత నాణేలను తూచిన పద్ధతిని నేను వివరిస్తూండగా, అభ్యుదయోద్యమంలో తలపండిన మిత్రులొకరు అడ్డు తగిలి, "అదంతా ఆయన గణితం చదువుకొన్నవాడు కనుక చేసిన సరదా పని. మనకు కావలసింది ఆయన మార్క్సిజం గాని, ఆ తక్కెడా తూనికరాళ్ళూ కావు" అన్నారు. మరుక్షణమే వెనుక వరుసలోని విద్యార్థి లేచి ఇందుకు పూర్తిగా ఎదురు మాట అన్నాడు: "కోట్ల అంకెలను కంప్యూటరు క్షణంలో చూడగలుగుతున్నప్పుడు ఇక సిద్ధాంతంతో పనేమిటండీ? అంకెలే నిజం చెబుతాయి గదా!" ఇద్దరికీ చప్పట్లు పడ్డాయి. ఆనాడు నేను సరైన సమాధానం చెప్పలేకపోయాను. ఆ బాకీ ఇక్కడ తీర్చుకొంటాను.

సమాజాన్ని సమగ్రంగా చూడాలని మనవాళ్ళు తరచు అంటూ ఉంటారు. మంచిదే. కాని "సమగ్రం" అన్న మాట చాలా సందర్భాలలో వివరాలు సేకరించకుండా తప్పించుకోవటానికి మర్యాదైన సాకుగా పనికివస్తున్నది. ఉత్పత్తి శక్తులు, ఉత్పత్తి సంబంధాలు, పునాది, ఉపరితలం అనే నాలుగు మాటలు చేతిలో ఉంటే చాలు, ఏ దేశపు ఏ శతాబ్దాన్నయినా అరగంటలో వివరించి కూర్చోవచ్చుననే ధీమా మనలో ఉన్నది. ఈ ధీమాకు విరుగుడుగా కోశాంబిని మించినవాడు నాకు కనిపించలేదు. ఆయన మార్క్సిస్టు, ఆ మాట దాచుకోలేదు. అయినా 1949లో డాంగే పుస్తకాన్ని సమీక్షించినప్పుడు, ఎంగెల్సు చెప్పిన దశలను సాక్ష్యం చూడకుండా వేదకాలానికి అతికించినందుకు దానిని నిర్దాక్షిణ్యంగా చీల్చి చెండాడాడు. డాంగే అప్పటికే పెద్ద నాయకుడు. ఆ సమీక్షను నేటి విద్యార్థులు తప్పక చదవాలి.

ఆయన 1907లో గోవాలో పుట్టి, హార్వర్డులో చదివి, పూనాలో స్థిరపడి, 1966లో కన్నుమూశాడు. బొంబాయిలోని టాటా మౌలిక పరిశోధనా సంస్థలో గణితాచార్యుడుగా పనిచేశాడు. క్రోమోజోము మీద జన్యువుల మధ్య దూరాన్ని అంచనా కట్టటానికి 1944లో ఆయన ప్రచురించిన సూత్రం ఆయన పేరుతోనే నేటికీ వాడుకలో ఉన్నది. జీవితం గూర్చి ఇంతకంటే ఇక్కడ అవసరం లేదు. తక్కెడ దగ్గరకు వస్తాను.

మన దేశపు అతి ప్రాచీనమైన వెండి నాణేలను విద్ధాంక నాణేలంటారు. వెండి రేకును ముక్కలుగా కత్తిరించి, మూలలు తీసి తూకం సరిచేసి, గుర్తులు కొట్టేవారు. వాటిమీద రాజు పేరు లేదు, సంవత్సరం లేదు, అక్షరమన్నదే లేదు. ముందు వైపున మామూలుగా అయిదు గుర్తులుంటాయి. వెనుక వైపున చిన్న చిన్న గుర్తులు కొన్నిటికి అసలే ఉండవు, కొన్నిటికి ఒకటో రెండో, మరి కొన్నిటికి పదీ ఆ పైనా. పండితులు ఈ గుర్తులను చూచి ఇది సూర్యుడు, ఇది కొండ, ఇది ఏనుగు అని పోల్చుకొంటూ, ఎవరికి తోచిన అర్థం వారు చెప్పుకొంటూ చాలా కాలం గడిపారు.

కోశాంబి వేసుకొన్న ప్రశ్న బజారులో కోమటి వేసుకొనే ప్రశ్న: నాణెం చేతులు మారుతూంటే అరుగుతుంది గదా, ఎంత అరుగుతుంది? కొత్త కార్షాపణం తూకం 32 గురివింద గింజల ఎత్తు, అనగా సుమారు మూడున్నర గ్రాములు. అది టంకశాల నుంచి బయటపడిన రోజున దాని తోటి నాణేలతో దాదాపు సమానంగా తూగుతుంది. తర్వాత ఒకటి రోజూ అంగడిలో తిరుగుతుంది, ఇంకొకటి మూటలో పడి ఉంటుంది. అందుచేత ఒక్క నాణేన్ని పట్టుకొని దాని వయస్సు ఎవరూ చెప్పలేరు. కాని వందల నాణేలను కలిపి చూస్తే రెండు సంగతులు బయటపడతాయి. కాలం గడిచేకొద్దీ వాటి సగటు తూకం క్రమంగా తగ్గుతుంది. అదే సమయంలో ఒకదానికీ మరొకదానికీ మధ్య తేడా పెరుగుతుంది. ఇది ఊహ కాదని రుజువు చేయటానికి ఆయన తన కాలంలో చలామణీలో ఉన్న నాణేలను కూడా తూచి చూచాడు. వాటిమీద ముద్రించిన సంవత్సరం ఉంటుంది గనుక లెక్క సరిపోయిందో లేదో తెలిసిపోతుంది. సరిపోయింది.

తక్షశిలలో భిర్ దిబ్బ మీద దొరికిన పెద్ద నిధిలో వెయ్యికి పైగా విద్ధాంక నాణేలున్నాయి. వాటితోపాటు అలెగ్జాండరు కాలపు గ్రీకు నాణేలు కొన్ని ఉండటం వల్ల ఆ నిధి క్రీస్తుకు పూర్వం 4వ శతాబ్ది చివరిదని నిర్ణయించవచ్చు. వీటిని వెనుక వైపు గుర్తుల సంఖ్యను బట్టి విడదీసి తూస్తే, గుర్తులు పెరిగేకొద్దీ సగటు తూకం వరుసగా తగ్గుతూ వచ్చింది. ఇక ఆ గుర్తులను గూర్చిన వాదాలకు ఆస్కారమెక్కడిది? అవి టంకశాలలో కొట్టినవి కావు. నాణెం తిరుగుతున్న కాలంలో, అప్పుడప్పుడు తూకం సరిచూచినవారు వేసిన ముద్రలు. అనగా ప్రభుత్వానికి వెలుపల, నాణేలను పరీక్షించే వర్తక శ్రేణులు క్రమబద్ధంగా పనిచేస్తూండేవన్నమాట. అక్షరం లేని వెండిముక్క ఒక వర్గపు ఉనికికి సాక్ష్యమిచ్చింది! అదే తూకాల ఆధారంతో ముందు వైపు గుర్తుల సముదాయాలలో ఏది ముందుదో ఏది వెనుకదో వరుస పెట్టి, పురాణాల రాజవంశాల జాబితాతో పోల్చి చూడటానికి ఆయన సాహసించాడు.

ఇందులో రెండవ మెట్టు మొదటి దానంత గట్టిది కాదు. ఆయన తర్వాతి నాణేశాస్త్రజ్ఞులలో చాలామంది దానిని అంగీకరించలేదు. అన్ని రకాల నాణేలూ ఒకే వేగంతో చేతులు మారవు. మట్టిలో ఉన్నప్పుడు తుప్పు కొంత తింటుంది. ప్రదర్శనశాలల్లో రసాయనాలతో కడిగితే మరికొంత పోతుంది. ఈ కడుగుడు మీద ఆయనకే చాలా కోపం. ఒక పద్ధతిని మెచ్చుకొంటున్నామంటే దాని ఫలితాలన్నిటికీ పూచీ పడుతున్నామని అర్థం కాదు.

మౌర్యుల నాటి నాణేలలో రాగి పాలు బాగా పెరిగిందనీ, తూకంలో హెచ్చుతగ్గులు ఎక్కువయ్యాయనీ ఆయన గమనించాడు. అంకెల పని ఇక్కడితో అయిపోయింది. ఎందుకు అన్న ప్రశ్నకు తక్కెడ జవాబు చెప్పదు. ఆ జవాబు కోసం ఆయన అర్థశాస్త్రం వైపు, అందులోని రాజభూముల వ్యవస్థ వైపు, గనుల మీద రాజుకున్న గుత్తాధికారం వైపు, జీతాలు పుచ్చుకొనే పెద్ద సైన్యం వైపు, గూఢచారుల వైపు తిరిగాడు. అంత యంత్రాంగాన్ని పోషించటానికి నాణెం చాలక, వెండి పలుచబడింది అని ఆయన వివరణ. ఇది మార్క్సిస్టు చేసిన వివరణ. కాని రాగి పాలు తెలియకుండా ఆ మార్క్సిస్టు ఏమి వివరించేవాడు?

నా మిత్రుడు "సరదా పని" అన్నది దీనిని.

విద్యార్థికి నేను చూపవలసింది కోశాంబి కాలినడక. పూనాలో ఇంటి వెనుక కొండల మీద, చుట్టుపట్ల గ్రామాలలో తిరిగి చిన్న చిన్న రాతి పనిముట్లు ఏరాడు. అవి ఎక్కడెక్కడ దొరుకుతున్నాయో చూచాడు. అమ్మదేవతల గుళ్ళు ఊరికి దూరంగా, పాత దారులు కలిసే చోట్ల ఎందుకున్నాయో అడిగాడు. గొర్రెల కాపరులు వర్షాకాలంలో ఒకవైపు, ఎండాకాలంలో మరొకవైపు మందలు తోలుకుపోయే బాటలను అనుసరించాడు. కార్లే గుహలు, వర్తకుల దారులు, యాత్రికుల దారులు ఈ పురాతనమైన బాటల మీదనే వెలిశాయని వాదించాడు. ఒకచోట అమ్మవారు మహిషుణ్ణి చంపుతుంది. మరొకచోట అదే మహిషుడు మ్హసోబా అనే పేరుతో అమ్మవారికి భర్తగా పూజలందుకొంటాడు. అమ్మదేవతను కొలిచిన ఆహార సేకర్తలకూ, మగదేవుణ్ణి కొలిచిన పశుపాలకులకూ జరిగిన ఘర్షణ, ఆపైన కలయిక ఈ కథలలో మిగిలి ఉన్నాయన్నాడు. (మన గ్రామదేవతలకు పోతురాజు తమ్ముడు. మొగుడు కాలేదు, శత్రువూ కాలేదు. ఎందుకో ఎవరైనా ఆ పద్ధతిలో తిరిగి చూస్తే బాగుండును.) ఈ పని ఏ పట్టికలోనూ ఇమడదు. గుడి దగ్గర ముసలమ్మతో కూర్చుని మాట్లాడాలి. ఆమె నమ్మకాన్ని వెక్కిరించకూడదు, నమ్మనూ కూడదు.

భర్తృహరి విషయంలో ఆయన చేసిన పని సాహిత్య విమర్శకులకు మరింత దగ్గరిది. శతకాలను పరిష్కరించటానికి మూడువందలకు పైగా వ్రాతప్రతులను పోల్చి, అన్ని శాఖలలోనూ నిలిచిన పద్యాలు సుమారు 200 మాత్రమేనని తేల్చాడు. ఆ గ్రంథం 1948లో వెలువడింది. కాని భర్తృహరి వైరాగ్యాన్ని వర్గదృష్టితో నిలదీసిన వ్యాసం అంతకుముందే, 1941లోనే వ్రాశాడు. తీర్పు ముందు, లెక్క వెనుక! డాంగేను తప్పుపట్టినవాడు తాను మాత్రం తొందరపడలేదా అని అడిగితే, పడ్డాడనే చెప్పాలి. అయితే తీర్పు చెప్పి ఊరుకోక, ఆ కవి ఏది వ్రాశాడో తేల్చుకోవటానికి ఏళ్ళ తరబడి తాళపత్రాలతో కుస్తీపట్టిన విమర్శకులు మనలో ఎందరు?

అంకెలే నిజం చెబుతాయన్న మాటకు మన దేశంలో ఒక చేదు చరిత్ర ఉన్నది. 1901 జనాభా లెక్కలకు కమిషనరైన రిస్లే కులాల ముక్కులు కొలిపించాడు. ముక్కు వెడల్పును పొడవుతో భాగించి, వెడల్పు తక్కువగా ఉన్న కులం అంతస్తులో ఎక్కువ అని సూత్రం కట్టాడు. వేల కొలతలు! ముందే మనసులో ఉన్న జాతి సిద్ధాంతానికి అవి నౌకరీ చేశాయి. ఆ కొలతలను 1933లో మహలనోబిస్ తిరిగి పరిశీలించి తప్పులు సరిదిద్దవలసి వచ్చింది. 1936లో ఆయన ప్రతిపాదించిన "దూరం" అనే కొలమానంలో ఒక మెలకువ ఉన్నది: ముక్కు వెడల్పు, పొడవు, తల చుట్టుకొలత ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నవి గనుక విడివిడిగా లెక్కించరాదు, వాటి పరస్పర సంబంధాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి కలకత్తా చేరిన మన సి. ఆర్. రావు ఈ మార్గంలోనే పనిచేసి, సూడానులో దొరికిన ప్రాచీనుల అస్థికల కొలతలను కేంబ్రిడ్జిలో విశ్లేషించారు. అంకెల శాస్త్రం లోపల కూడా సమగ్రదృష్టి అవసరమైందని విద్యార్థి మిత్రుడు గమనించాలి.

కోశాంబిని కూడా అంకెలు ఒకసారి ముంచాయి. గణితంలో పేరుమోసిన రీమన్ ప్రతిపాదనను సంభావ్యతా వాదంతో సాధించానని 1959లో ఒక వ్యవసాయ గణాంక పత్రికలో ప్రకటించాడు. గణితజ్ఞులు ఒప్పుకోలేదు. ఆ ప్రతిపాదన నేటికీ రుజువు కాలేదు. ఆయన పరువుకు ఇది పెద్ద దెబ్బ. నాణేల విషయంలో సగటు ఇచ్చిన ధైర్యం, సగటుతో పని జరగని చోటికి కూడా ఆయనను లాక్కుపోయిందేమోనని నాకొక అనుమానం.

తెలుగులో నేను కోశాంబిని తెలుసుకొన్నది బాలగోపాల్ వ్రాసిన పరిచయ గ్రంథం ద్వారా. ఆయన కూడా గణితశాస్త్రంలో పరిశోధన చేసి, కాకతీయ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పినవాడే. ఇది యాదృచ్ఛికమని నేననుకోను. కాని ఆ పుస్తకం చదివిన మనం కోశాంబి నిర్ణయాలను కంఠతా పట్టాము, పనిని పక్కన పెట్టాము. తెలంగాణలో 2024 నవంబరులో మొదలై ఇంటింటికీ తిరిగి కులం, భూమి, చదువు, ఉద్యోగం అడిగిన సర్వేను గూర్చి మన సభలలో ఎంత చర్చ జరిగింది? ఏ కులం ఎంత శాతం అన్నంత వరకే. ఒకే కులంలో భూమి ఉన్నవాడికీ లేనివాడికీ మధ్య తేడా ఎంత, అది జిల్లా జిల్లాకు ఎట్లా మారుతున్నది అని అడిగిన వ్యాసం మన పత్రికలలో ఒక్కటీ నా కంటపడలేదు.

అమరావతిలో దొరికిన వెండి విద్ధాంక నాణేల నిధి మీద పరమేశ్వరీలాల్ గుప్తా వ్రాసిన పుస్తకాన్ని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1963లో ప్రచురించింది. మగధ ముద్రలు కృష్ణాతీరానికి ఎట్లా వచ్చాయి, ఎంతకాలం ఇక్కడ తిరిగాయి, ఎవరి చేతులలో అరిగాయి అన్న ప్రశ్నలు అందులోంచి లేస్తాయి. వచ్చే అధ్యయన తరగతికి ఆ పుస్తకం తెస్తానని చెప్పాను. నా మిత్రుడు వస్తానన్నారు. విద్యార్థి మాత్రం, తూకాల పట్టికలను కంప్యూటరులోకి ఎక్కించి తెస్తాను గాని, ఆ దిబ్బ చుట్టూ ఊళ్ళు తిరగటానికి సెలవులు దొరకాలి అన్నాడు. సంక్రాంతి సెలవుల్లో పోదామన్నాను.