బొమ్మవైపు రాణులు

ఈ వారము ఒక మిత్రుని యింట భూతద్దము క్రింద నొక రోమక సువర్ణనాణెమును చూచు భాగ్యము కలిగినది. ముప్పాతిక అంగుళము వెడల్పు, ఏడు గ్రాముల పైచిలుకు తూకము. దానిపై ఆంటొనైనస్ పయస్ చక్రవర్తి దేవేరి పెద్ద ఫౌస్టీనా. జడలను పాయపాయగా అల్లి నడినెత్తిన కొప్పుగా చుట్టిన యా కేశబంధమును, నడుమనున్న ముత్యాలసరముతో సహా, అచ్చుదిమ్మెపై కుడియెడమలు తారుమారుగా చెక్కిన శిల్పి నేర్పునకు చేయెత్తి మ్రొక్కితిని.

నాణెము రాజు నోరనియు, బొమ్మకన్న చుట్టునున్న అక్షరములే ముఖ్యమనియు ఈ శీర్షికలో పలుమారు వ్రాసితిని. అందుకు నీరో చక్రవర్తి తల్లి అగ్రిప్పీనా కథకు మించిన సాక్ష్యము లేదు. క్రీ.శ. 54లో నీరో సింహాసన మెక్కినంతనే వెలువడిన బంగారు నాణెములపై తల్లీకొడుకులు ఎదురెదురుగా నుండగా, బొమ్మవైపు తల్లి పేరును, బొరుసువైపు కొడుకు పేరును ఉండెను. మరుసటి యేడు కొడుకు ముఖము ముందునకు వచ్చెను, తల్లి ముఖము వెనుకకు జరిగెను, పేర్లు తారుమారయ్యెను. పిదప ఆమె బొమ్మయే మాయమయ్యెను. 59లో కొడుకే ఆమెను చంపించెను. ఫౌస్టీనా భాగ్యము వేరు: చనిపోయిన యామెను భర్త దేవతగా ప్రకటింపజేసి, 161లో తాను గతించువరకు ఆమె పేర నాణెములు వేయించెను. అయినను ఇచ్చినవాడును రాజే, తీసినవాడును రాజే.

మా నాయనమ్మ కాసులపేరులో విక్టోరియా సవరను లుండెడివి. కుంకుడు నురుగుతో వానిని కడిగి మెత్తని గుడ్డతో తుడుచుచున్న యామె ప్రక్కన చేరి, నేను ఇంగ్లీషు చదువు మొదలిడిన గర్వముతో, ఆ రాణి బిరుదములను కూడబలుకుకొని చదువబోతిని. "ఆ రాతలు నాకెందుకురా నాయనా, ఆ తల్లి ముఖంలో కళ చూడు" అన్నది. నాడు ఆమెకు చదువు రాదనుకొంటిని.

ఆ రోమక నాణెములు మన గడ్డకును వచ్చినవి: నాగార్జునకొండ త్రవ్వకములలో టైబీరియస్ చక్రవర్తి నాణెముతోపాటు ఫౌస్టీనా బంగారు నాణె మొకటి దొరకినది. ఆ లోయలోనే మహాదేవి రుద్రధర భట్టారిక మహాచైత్యమునకు 170 దీనారి మాషకము లిచ్చినట్లు శాసనమున్నది. దెనారియస్ మన నోట దీనారమైనది గాని, ఆ నాణెముల చుట్టునున్న లాటిను బిరుదములను కృష్ణాతీరమున చదువగలవా రెందరుండిరి? చక్రవర్తి ప్రకటన సముద్రము దాటి మూగవోయినది. తూకమునకు బంగారమును, కంటికి ఆ జడలును ఆ ముఖమును మిగిలినవి. రాజు నోరని నేను నమ్మిన నాణెమున ఇంతదూరము వచ్చి పలికినది పేరు తెలియని యొక పనివాని చేయి. నాయనమ్మ చదివినదే సరియైన చదువు. ఇకమీదట నాణెము చేతికి వచ్చినపుడు అక్షరములకన్న ముందు కొప్పును చూచెదను.