ముందే తీసి దాచిన రక్తం

గుండెపోటు వచ్చాక రక్తపరీక్ష చేస్తే, ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్‌ను (వాపును) సూచించే సీఆర్‌పీ (సి-రియాక్టివ్ ప్రొటీన్) ఎలాగూ ఎక్కువే ఉంటుంది. గుండె కండరం దెబ్బతింటే ఒళ్లు ఊరుకోదు కదా! మరి అది ముందు నుంచే ఎక్కువగా ఉందా, పోటు వచ్చినందువల్ల పెరిగిందా? తేలాలంటే, ఏ జబ్బూ లేని రోజునే రక్తం తీసి దాచాలి. ఎవరికి ఏమవుతుందో కాచుకుని ఉండాలి. హృద్రోగ పరిశోధకుడు పాల్ రిడ్కర్ బృందం 2000లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ప్రచురించిన పరిశోధన పనితనమంతా ఈ ఓపికలోనే ఉంది.

వాళ్లకు ఆ రక్తం దొరికిన, బోస్టన్ కేంద్రంగా నడిచిన విమెన్స్ హెల్త్ స్టడీ నిజానికి వేరే పని మీద మొదలైంది. 45 ఏళ్లు, ఆపైబడిన నర్సులు, డాక్టర్లు వంటి ఆరోగ్యరంగ మహిళలకు రోజు విడిచి రోజు ఆస్పిరిన్ ఇస్తే మేలేనా అన్నది అక్కడి ప్రశ్న. మాత్రలు మొదలుకాకముందే 28 వేలమందికి పైగా రక్తం ఇచ్చారు. దాన్ని ద్రవ నత్రజనిలో భద్రపరిచారు.

మూడేళ్లు గడిచేసరికి 122 మందికి గుండెపోటో, పక్షవాతమో వచ్చింది, లేదా రక్తనాళం తెరిపించుకోవాల్సి వచ్చింది, లేదా గుండెజబ్బుతో ప్రాణం పోయింది. అసలు నేర్పు ఇక్కడ చూడాలి. వేల ట్యూబులూ కరిగించలేదు. ఒక్కో బాధితురాలికి అదే వయసు, అదే పొగతాగే అలవాటు ఉన్న ఇద్దరు ఆరోగ్యవంతులను జతచేశారు. మొత్తం 366 మంది రక్తంతో పని అయిపోయింది. పొగ సంగతి ఎందుకంటే, సిగరెట్ సీఆర్‌పీనీ పెంచుతుంది, గుండెజబ్బునూ తెస్తుంది. జత కుదర్చకపోతే సిగరెట్ చేసిన పాపం సీఆర్‌పీ ఖాతాలో పడేది.

తమకిష్టమైన సీఆర్‌పీని ఒంటరిగా నిలబెట్టి భేష్ అనలేదు. సీరమ్ అమిలాయిడ్-ఎ, ఇంటర్‌ల్యూకిన్-6, హోమోసిస్టీన్, కొలెస్టరాల్ రకాలు, అన్నీ కలిపి 12 సూచికలను బరిలోకి దించారు. సీఆర్‌పీ అత్యధికంగా ఉన్న పాతికశాతం మందికి, అతి తక్కువున్న పాతికశాతంతో పోలిస్తే ముప్పు 4.4 రెట్లు. అన్నిటినీ కలిపి లెక్కగడితే చివరికి నిలిచినవి రెండే: సీఆర్‌పీ, మొత్తం కొలెస్టరాల్‌కూ హెచ్‌డీఎల్ (మంచి కొలెస్టరాల్)కూ ఉన్న నిష్పత్తి. ఎల్‌డీఎల్ (చెడు కొలెస్టరాల్) 130 లోపు ఉండి, రిపోర్టు బాగుందనిపించుకున్న ఆడవాళ్లలో కూడా సీఆర్‌పీ ముప్పును పట్టిచ్చింది.

కోవిడ్ రోజుల్లో మనవాళ్లందరి నోటా నానిన సీఆర్‌పీ ఇదే. కాకపోతే అప్పుడు చూసింది పదుల్లో, వందల్లో ఉండే అంకెలు. గుండె కోసం చేసే హెచ్‌ఎస్-సీఆర్‌పీ చిన్న తేడాలను పట్టే పరీక్ష. లీటరుకు 1 మిల్లీగ్రాము లోపుంటే ముప్పు తక్కువ, 3 దాటితే ఎక్కువ. 10 దాటితే మాత్రం ఏదో ఇన్‌ఫెక్షన్ ఉందేమో చూసి, తగ్గాక మళ్లీ చేయించాలి.

సీఆర్‌పీయే దోషి అని కాదు. ఇంటర్‌ల్యూకిన్-6 నుంచి కబురొస్తే కాలేయం దాన్ని తయారుచేస్తుంది. అది స్వయంగా రక్తనాళాలను పాడుచేయదని తర్వాతి జన్యు పరిశోధనలు సూచించాయి. అయితే దానికి వెనకున్న ఇన్‌ఫ్లమేషన్ మాటేమిటి? 2017లో వచ్చిన కాంటోస్ పరిశోధనలో, కొలెస్టరాల్‌ను తగ్గించకుండా ఇన్‌ఫ్లమేషన్‌నే అణచే కనకినుమాబ్ మందుతో గుండెపోటు, పక్షవాతం వంటివి దాదాపు 15 శాతం తగ్గాయి. ప్రాణాంతక ఇన్‌ఫెక్షన్లు కొంత పెరిగాయి కూడా.

122 కేసులు తక్కువే, ఒప్పుకోవాలి. ఇన్‌ఫ్లమేషన్ పరీక్షల మీద ఆయన పనిచేసే ఆసుపత్రికున్న పేటెంట్లలో రిడ్కర్ పేరూ ఉంది కాబట్టి అనుమానంగా చదివినా తప్పులేదు. కానీ అదే బృందం 2024లో అదే స్టడీలోని 27,939 మంది ముప్పై ఏళ్ల లెక్క తేల్చింది. ఐదు భాగాలు చేసి పై భాగాన్ని కింది భాగంతో పోలిస్తే ముప్పు సీఆర్‌పీకి 1.70 రెట్లు, ఎల్‌డీఎల్‌కు 1.36 రెట్లు. పాత 4.4 పక్కన ఇది చిన్నగా కనిపిస్తుంది. నాకైతే ఇదే ఎక్కువ నమ్మకం కలిగించింది. తీరని లోటు ఒకటుంది: రక్తమిచ్చినవాళ్లలో అత్యధికులు అమెరికాలోని తెల్లజాతి మహిళలు. ఆ రెట్లను మన ఆడవాళ్లకు యథాతథంగా అతికించలేం.