చేతులు మాట్లాడితే కెమెరా ఆగాలి

నలుగురు మనుషులు స్వరాల కాగితాలు ముందు పెట్టుకుని నిలబడతారు. పాట మొదలవుతుంది, గొంతు మాత్రం లేదు. చేతులే పాడతాయి. ఫ్రాన్సు దర్శకుడు నికోలా ఫిలిబేర్ 1992లో తీసిన ‘బధిరుల దేశంలో’ అనే డాక్యుమెంటరీ ఇలా మొదలవుతుంది. ఆ చేతులు ఏం చెబుతున్నాయో వినగలిగిన మనకు తెలియదు. వాళ్లు మాట్లాడేచోట మనకు అడుగున అక్షరాలు కావాలి, మనలాంటివాళ్లు మాట్లాడేచోట వాళ్లకు కావాలి. అందరికీ అందే సినిమా అనే మాటకు ఇంతకంటే తేలికైన అర్థం మాకు దొరకలేదు.

ఫిలిబేర్ 1951లో నాన్సీ పట్టణంలో పుట్టాడు. ఆయనకు దేశదేశాల్లో పేరు తెచ్చింది 2002 నాటి ‘ఉండటం, కలిగి ఉండటం’. ఒక పల్లె, ఒకే గది, చిన్నా పెద్దా పిల్లలందరికీ ఒకే పంతులు. మన ఏకోపాధ్యాయ పాఠశాల అనుకోండి. పారిస్‌లో సీన్ నది మీద తేలే మానసిక చికిత్సా కేంద్రం గురించి తీసిన చిత్రానికి 2023లో బెర్లిన్ ఉత్సవంలో బంగారు ఎలుగుబంటి వచ్చింది. అయినా మన టీచర్లు ముందు చూడవలసింది 1992 నాటిదే.

ఎందుకంటే మామూలు డాక్యుమెంటరీలో మాట ఒకచోట, బొమ్మ ఒకచోట ఉంటాయి. మనిషి మాట్లాడుతుంటే కెమెరా కొండను చూపిస్తుంది, వాగును చూపిస్తుంది. గొంతు వెనక నుంచి వస్తూనే ఉంటుంది. సంజ్ఞా భాషతో ఆ పని కుదరదు. చేతులు తెర అంచు దాటితే మాట తెగిపోతుంది. ముఖం ఒక్కటే దగ్గరగా చూపినా సగం మాట పోయినట్టే. కాబట్టి కెమెరా వెనక్కి జరిగి, చెప్పేవాళ్లు ముగించేదాకా నిలబడాలి. ఫిలిబేర్ ఆ భాష నేర్చుకుని మరీ తీశాడు. వ్యాఖ్యాత గొంతు పెట్టలేదు.

మన గూడేల మీద వచ్చిన చిత్రాలు గుర్తు చేసుకోండి. అవ్వ కోయలో రెండు ముక్కలు అనగానే ఆమె గొంతు తగ్గిపోతుంది. దాని మీద తెలుగు గొంతు ఎక్కి కూర్చుంటుంది. ఆమె ఏమన్నదో కోయ తెలిసిన మనకు కూడా వినబడదు. కొమ్ముకోయ ఆట మాత్రం ఆసాంతం చూపిస్తారు లెండి.

ఈ చిత్రంలో ఫ్లోరాన్ అనే చిన్న పిల్లవాడున్నాడు. బడిలో అతని చేత నోటితో మాటలు పలికించాలని చూస్తారు. టీచరమ్మ కోపిష్టి కాదు, ఓపికగానే ఉంటుంది. మమ్మల్ని ఎక్కువ బాధపెట్టింది అదే. తనకు సరిగా వినబడని శబ్దాన్ని సరిగా పలకడానికే వాడి శక్తంతా పోతుంది. మన ఒకటో తరగతిలో ఇంట్లో కువి, సవర మాట్లాడి వచ్చిన పిల్ల నెలల తరబడి నోరు విప్పదు. మందమతి అని రిజిస్టరులో రాయకపోయినా టీచర్ల మాటల్లో దొర్లుతుంది. ఇంటర్వెల్ బెల్లు కొట్టగానే అదే పిల్ల చింతచెట్టు కింద పదిమందిని ఆడిస్తుంది. రెండూ ఒకటే అని మేము అనడం లేదు. మన పిల్ల తెలుగు వినగలదు, కొన్నాళ్లకు నేర్చుకుంటుంది. ఫ్లోరాన్‌కు ఆ దారి చాలా ఇరుకు. కానీ పిల్లల దగ్గర ఉన్న భాషను లేనట్టు లెక్కగట్టడం రెండుచోట్లా ఉంది.

ఇక్కడే మాకొక ఫిర్యాదు. ఆ బడి అలా ఎందుకు తయారైందో చిత్రం విప్పి చెప్పదు. పారిస్‌లో 18వ శతాబ్దంలోనే అబ్బే ద లెపే అనే మతగురువు సంజ్ఞలతో బధిరులకు బడి నడిపాడు. 1880లో మిలాన్‌లో కూడిన ఉపాధ్యాయుల మహాసభ సంజ్ఞలు వద్దు, నోటి మాటే కావాలని తీర్మానించింది. అక్కడ చేయెత్తినవాళ్లు దాదాపు అందరూ వినగలవాళ్లే. రెండు భాషల్లో చదువుకునే హక్కు ఫ్రాన్సు బధిర పిల్లలకు 1991 చట్టంతో గాని రాలేదు. అంటే ఈ చిత్రానికి ఒక్క ఏడాది ముందు. మిలాన్ తీర్మానాలను అదే మహాసభ 2010లో వాంకూవర్‌లో తిరస్కరించింది. వ్యాఖ్యానం వద్దనుకోవడం ఈ చిత్రానికి బలమే, ఇక్కడ మాత్రం లోటైంది. చరిత్ర తెలియని ప్రేక్షకుడు ఆ టీచరమ్మనే తప్పుపట్టి లేచిపోతాడు.

ఇంకో సంగతి కూడా యువకులు తెలుసుకోవాలి. 2002 చిత్రం బాగా ఆడాక అందులోని పంతులు తనకూ డబ్బు రావాలని కోర్టుకెక్కాడు. 2004లో కోర్టు కాదంది. ఆ తీర్పు మంచిచెడ్డలు ఎలా ఉన్నా, మన గూడెంలోకి కెమెరా దిగిన రోజునే అడగవలసిన ప్రశ్న అది. ఉత్సవాల్లో బహుమతులు వచ్చాక అడిగితే లాభం లేదు.

మేము చూసిన కాపీలో అడుగున ఇంగ్లీషు అక్షరాలే ఉన్నాయి. పిల్లలకు చూపించేవాళ్లు ముందు తాము రెండుసార్లు చూసి, ఎక్కడ ఆపాలో రాసుకుని, పిల్లల ఇంటిభాషలోనే చెప్పండి. జాన్-క్లోద్ పూలాన్ అనే బధిర పంతులు సంజ్ఞలు నేర్పే భాగాన్ని మాత్రం ఆపకుండా చూపించండి. వినగలిగిన పెద్దవాళ్లు అక్కడ ఆయన విద్యార్థులు.