ఎన్నాళ్లయింది?

రాత్రి పదకొండు దాటాక వాట్సాప్‌లో ఫొటో వచ్చింది. వంటింటి గట్టు మీద తెల్లటి ప్లాస్టిక్ ముక్క. ‘సీ’ దగ్గర ముదురు గీత, ‘టీ’ దగ్గర కనీ కనిపించనట్టు ఒక నీడ. కింద ఒకటే మాట: ‘సార్, ఉందా?’

ఉందా అంటే గీతా, రోగమా అని నేను అడగలేదు. ‘రక్తం చుక్క వేసింది ఎప్పుడు బాబూ?’ అన్నాను. పొద్దున్నట. లేదని తేలితే చెత్తబుట్టలో పడేశాడు. రాత్రి నిద్ర పట్టక, బుట్టలోంచి తీసి మళ్లీ చూశాడు. అప్పుడు కనిపించిందీ నీడ.

సిఫిలిస్ రాపిడ్ కిట్‌ను చదవడానికి ఒక వేళ ఉంటుంది. కిట్‌ను బట్టి పదిహేను నిమిషాలో, ఇరవయ్యో. అది దాటాక కనిపించినదాన్ని లెక్కలోకి తీసుకోం. తడి ఆరేకొద్దీ లేని గీత కూడా తేలుతుంది. ఆ మాట కిట్‌తో వచ్చే కాగితంలోనే ఉంటుంది. భయంతో ఉన్నవాడు కాగితం చదవడు, గీతనే చదువుతాడు.

ప్రభుత్వాసుపత్రి ల్యాబులో ఇరవై రెండేళ్లు వేళ్లు పొడిచాను. స్పిరిట్ ఆరనివ్వడం, మొదటి చుక్క తుడిచేయడం, బఫర్ చుక్కలు లెక్కపెట్టి వేయడం, ఇవన్నీ వారంలో వచ్చేస్తాయి. పొడిచే ముందు ఒక ప్రశ్న అడగాలని నేర్చుకోవడానికి మాత్రం ఏళ్లు పట్టింది. ఎన్నాళ్లయింది?

మన పెద్దలు సవాయి అన్న ఈ జబ్బు ఒంట్లో చేరాక పుండుగా బయటపడటానికి 10 నుంచి 90 రోజులు పడుతుంది. ఎక్కువమందిలో మూడు వారాలు. ఆ పుండు నొప్పి పెట్టదు, మందు వేయకపోయినా మానిపోతుంది, పీడ పోయిందనుకుంటారు. మా స్ట్రిప్ చూసేది క్రిమిని కాదు, దాని మీదికి ఒళ్లు తయారు చేసుకున్న యాంటీబాడీలను. అవి లేచేది పుండు కనిపించాక ఒకటి నుంచి నాలుగు వారాలకు. మొన్న రాత్రి జరిగిన తప్పుకు ఇవాళ పరీక్ష చేయించుకోవడమంటే నిన్న నాటిన విత్తనానికి ఇవాళ కాయ ఏదని వెతకడమే. అందుకే మేం ‘నెగెటివ్’ అనం, ‘నాన్ రియాక్టివ్’ అని రాస్తాం. అప్పట్లో అదేదో ఆఫీసు భాష అనుకునేవాణ్ని.

ఫొటో పంపిన అబ్బాయి, తప్పు జరిగిన ఐదో రోజున మొదటిసారి మా దగ్గరికొచ్చాడు. పన్నెండో రోజున మళ్లీ వచ్చాడు. పెళ్లి కుదిరిందట. లాడ్జి తువ్వాలు వల్ల వస్తుందా అని ఒకసారి, మంగలి కత్తి వల్ల వస్తుందా అని ఇంకోసారి. ఒంటి బయట ఆ క్రిమి ఎంతోసేపు బతకదని చెప్పాను. తలూపి వెళ్లి, ఆన్‌లైన్‌లో కిట్లు తెప్పించుకున్నాడు. మే నెలలో అవి ఏ వ్యానులో ఎన్ని గంటలు ఉడికాయో! ముప్పై డిగ్రీలు దాటకూడదని డబ్బా మీదే రాసి ఉంటుంది. ‘సీ గీత వచ్చింది కదా సార్, కిట్ బాగున్నట్టే కదా’ అంటాడు. చాలా కిట్లలో ద్రవం పారితే చాలు సీ గీత వస్తుంది. రక్తం సరిపోయిందని దానికి అర్థం కాదు.

కిట్‌ను నమ్మొచ్చా అని అడిగితే, ఎవరి రక్తానికి అని ఎదురడగాలి. నూరుమంది ఆరోగ్యవంతుల్లో ఇద్దరి విషయంలో పొరబడే కిట్ ఉందనుకుందాం. వెయ్యి మందిలో ఇద్దరికే జబ్బున్న ఊళ్లో అది ఇరవై రెండు గీతలు చూపిస్తుంది, అందులో ఇరవై ఉత్తవి. వెయ్యికి రెండువందల మందికి జబ్బున్న చోట అదే కిట్ చూపే గీతల్లో నూటికి తొంభైకి పైగా నిజమే.

నిజమైన గీత కూడా పాతది కావచ్చు. కంటి ఆపరేషన్‌కని వచ్చిన ఒక లారీ డ్రైవర్‌కు రాపిడ్‌లో ముదురు గీత పడింది. పక్కన కొడుకు ఉన్నాడు. పెద్దాయన ముఖం మాడిపోయింది. కొడుకును టీకి పంపి అడిగితే, పదిహేనేళ్ల కిందట ఇంజక్షన్లు చేయించుకున్నానన్నాడు. మందు వాడి నయమైనా చాలామందిలో ఈ గీత జన్మంతా ఉంటుంది. అమ్మవారు పోసి తగ్గాక మచ్చ మిగిలినట్టు. ఇప్పుడు జబ్బు ఉందో లేదో తేల్చడానికి ఇంకో రక్తపరీక్ష, ఆర్‌పీఆర్ చేశాం. ఏమీ లేదు.

ఆ ఆర్‌పీఆర్, దాని తోబుట్టువు వీడీఆర్ఎల్‌ల కథ తమాషాగా ఉంటుంది. 1906లో బెర్లిన్‌లో వాసర్మన్ బృందం ఈ జబ్బుతో చనిపోయిన శిశువుల కాలేయం నుంచి తీసిన రసంతో పరీక్ష కట్టింది. క్రిమి ఉన్న కణజాలం కాబట్టే పని చేస్తోందనుకున్నారు. తీరా చూస్తే ఆరోగ్యమైన ఎద్దు గుండె రసం కూడా అంతే పని చేసింది! 1941లో మేరీ పాంగ్‌బోర్న్ ఆ గుండెలోంచే కార్డియోలిపిన్‌ను వేరు చేసింది. అంటే ఈ పరీక్ష పట్టుకునేది క్రిమిని కాదు, ఒంట్లో జరిగిన నష్టాన్ని. మలేరియా, కుష్టు, లూపస్, ఒక్కోసారి ఉత్త గర్భం కూడా దాన్ని తప్పుదారి పట్టిస్తాయి. అందుకే రాపిడ్, ఆర్‌పీఆర్ రెండు రకాల పరీక్షలనూ కలిపి చదువుతాం.

గర్భిణుల దగ్గర మాత్రం అంత తీరిక ఉండదు. ఐదో నెల అమ్మాయి, అత్తగారు బయట బెంచీ మీద. పద్నాలుగో నిమిషంలో టీ దగ్గర లేత గీత. అబ్బాయి ఫొటోలోని నీడకూ దీనికీ రంగులో తేడా చెప్పమంటే నేను చెప్పలేను. కానీ ఇది గడియారం లోపల వచ్చింది. లేతదైనా గీత గీతే. ఆర్‌పీఆర్‌కు రక్తం తీసి, అది తేలేదాకా ఆగకుండా డాక్టరమ్మ ఆ రోజే బెంజాథిన్ పెన్సిలిన్, 24 లక్షల యూనిట్లు వేయించింది. ఆగితే బిడ్డకు ముప్పు.

‘నాకెట్లా వచ్చింది సార్?’ అంది. స్ట్రిప్‌లో ఆ సమాధానం లేదు. కాసేపు గోడ వైపు చూసి, ఫోన్ తీసి, ‘మీకు కూడా బీపీ చూస్తారట, రేపు రండి’ అని మొగుడికి చెప్పింది. అంత తొందరగా అబద్ధం అల్లడం నాకు చేతకాదు.

అబ్బాయి తొంభై రోజులు దాటాక వచ్చాడు. చుక్క వేసి, స్ట్రిప్ మీద పెన్నుతో టైము రాశాను: 10.20. ఇద్దరం గోడ గడియారం చూస్తూ కూర్చున్నాం. 10.35కి సీ ఒక్కటే. ఫొటో తీసుకోవచ్చా అన్నాడు. ఇప్పుడే తీసుకో, తర్వాత సంచిలో పడేస్తానన్నాను. తీసుకున్నాడు. గుమ్మం దాటుతూ రెండు వేళ్లతో ఆ ఫొటోను పెద్దది చేసి చూస్తున్నాడు.